తూలినా నిలదొక్కుకోవాలి: ప్రాథమిక తరగతుల పిల్లలకు జిమ్నాస్టిక్స్ బ్యాలెన్స్ నేర్పే పద్ధతి

మొదటిసారి రెండో తరగతి పిల్లలకు బ్యాలెన్స్ నేర్పినప్పుడు నేను చేసిన తప్పు ముందే చెప్పేస్తాను. పాతిక మందిని వరుసగా నిలబెట్టి "ఒంటికాలి మీద నిలబడండి, ఎవరూ కదలకూడదు" అని గట్టిగా అరిచాను. పాపం, పిల్లలు నా మాట అక్షరాలా పాటించారు. ఊపిరి బిగబట్టారు, మోకాలు కర్రలా బిగించారు, పిడికిళ్ళు మూశారు. నేను అయిదు లెక్కపెట్టేలోపు సగం మంది పక్కవాళ్ళ మీద పడ్డారు. కొందరికి నవ్వులు, కొందరికి ఏడుపులు. ఒకడి మోచేయి ఇంకొకడి ముక్కుకు తగిలింది. ఆ పీరియడ్ అంతటితో సరి.

ఇంటికొచ్చాక నేనే చెప్పులు విప్పి ఒంటికాలి మీద నిలబడి కిందికి చూసుకున్నాను. మీరూ ఒకసారి చూసుకోండి. చీలమండ ఒక్క క్షణం ఊరుకోదు. కాలివేళ్ళు నేలను పట్టుకుంటాయి, వదులుతాయి, మళ్ళీ పట్టుకుంటాయి. మనిషి కొద్దికొద్దిగా తూలుతూనే ఉంటాడు, తూలినప్పుడల్లా సర్దుకుంటూ ఉంటాడు. మన భాషలో దీనికి చక్కటి మాట ఉంది: నిలదొక్కుకోవడం. పిల్లలకు నేర్పాల్సింది ఇదే. "కదలొద్దు" అనే మాట ఆ తర్వాత నా క్లాసులో వినపడలేదు. "తూలితే తూలావులే, పట్టుకో" అంటాను.

ఇక్కడ రాసినవన్నీ ఒకటి నుంచి అయిదో తరగతి పిల్లల కోసం. చాలా ప్రాథమిక పాఠశాలల్లో పీఈటీ సారు ఉండరు కాబట్టి, క్లాసు టీచరే చేయించగలిగేవి మాత్రమే తీసుకున్నాను. మీరు పల్టీలు కొట్టి చూపించాల్సిన పని లేదు.

ముందు తెలుసుకోవాల్సింది కొంచెం

మన ఒళ్ళు పడిపోకుండా ఉండటానికి మూడు చోట్ల నుంచి కబుర్లు అందుతాయి. ఒకటి కళ్ళు. రెండోది లోపలి చెవి. మూడోది అరికాళ్ళు, కీళ్ళు, కండరాలు. చిన్న పిల్లలు ఈ మూడింటిలో కళ్ళ మీదే ఎక్కువ ఆధారపడతారు. అందుకే ఒకటో తరగతి పిల్లవాణ్ణి కళ్ళు మూసుకుని నిలబడమంటే అల్లాడిపోతాడు. వాడికి "ఎలా నిలబడాలి" కంటే "ఎక్కడ చూడాలి" అన్నది ముందు చెప్పాలి.

ఇంకో సంగతి. ఒంటితో పోలిస్తే పిల్లల తల పెద్దది. బరువు పైన ఎక్కువ, కింద పాదాలేమో చిన్నవి. మనకు తేలిగ్గా కనిపించే భంగిమ వాళ్ళకు అంత తేలిక కాదు. ఒక పిల్ల మూడు సెకన్లకే కాలు దించేసిందంటే బద్ధకం అనుకోకండి.

చోటు, బట్టలు, సామాను

సిమెంటు గచ్చు మీద వద్దు. గడ్డి ఉన్న చోటు, ఇసుక పోసిన చోటు, లేదా మ్యాట్లు వేసిన వరండా సరిపోతుంది. మ్యాట్లు లేవని నున్నటి టైల్స్ మీద జంపఖానా పరిచారో, అది పిల్లలతో సహా జారుతుంది. దానికంటే ఉత్త నేలే మేలు. ఆరుబయట అయితే ముందు మీరే ఒకసారి చెప్పుల్లేకుండా నడిచి చూడండి. గాజుపెంకులు, పల్లేరుకాయలు అలా నడిస్తేనే తెలుస్తాయి. ఎండాకాలంలో పదింటికల్లా నేల కాలుతుంది కాబట్టి మొదటి పీరియడే దిక్కు.

పిల్లలు వట్టి కాళ్ళతో చేయాలి. సాక్సులు జారతాయి, బూట్లు వేసుకుంటే అరికాలికి నేల తెలియదు. పట్టీలు, గాజులు, వాచీలు, మెళ్ళో గొలుసులు తీయించి ఒక డబ్బాలో వేయించండి. ఎవరివి ఎవరివో తర్వాత పేచీ రాకుండా డబ్బా దగ్గర ఒక పెద్ద పిల్లను పెట్టడం మంచిది. గౌన్లు, స్కర్టులు వేసుకొచ్చే ఆడపిల్లలను ఆ రోజు లోపల లెగ్గింగు వేసుకురమ్మని ముందురోజే చెప్పండి. లేకపోతే వాళ్ళ ధ్యాసంతా బట్టలు సర్దుకోవడం మీదే ఉంటుంది, బ్యాలెన్స్ మీద ఉండదు.

మధ్యాహ్న భోజనం అయ్యాక కనీసం గంటన్నర ఆగండి.

సామాను ఇది: సుద్దముక్కలు, ఒక పొడుగాటి లావుపాటి తాడు, శనగలో ఇసుకో నింపి కుట్టిన అరచేతంత గుడ్డసంచులు పది, ఒక ప్యాకెట్ బొట్టుబిళ్ళలు. బొట్టుబిళ్ళలు ఎందుకో కాసేపట్లో చెప్తాను. వీలైతే వడ్రంగి చేత ఒక చెక్క చేయించండి. పది సెంటీమీటర్ల వెడల్పు, రెండు మీటర్ల పొడుగు, నాలుగైదు సెంటీమీటర్ల మందం ఉండాలి. అంచులు చిత్రిక పట్టించి, గరుకు కాగితంతో రుద్దించాలి. దాన్ని నేల మీద అలాగే పరుస్తాం, కింద ఏమీ పెట్టం. ఇటుకల మీద నిలబెట్టాలన్న ఆలోచన ఎవరికైనా వస్తే అక్కడే ఆపేయండి.

మొదటి పాఠం: పడటం

రెండు మూడు పీరియడ్లు దీనికే ఖర్చు పెట్టండి. నేను నేర్పేవాటన్నిటిలో ఇదే ముఖ్యమైనది. పడటం వచ్చిన పిల్లకు భయం తగ్గుతుంది. భయం తగ్గితే ఒళ్ళు బిగుసుకోదు, బిగుసుకోకపోతే నిలదొక్కుకోవడం సులువవుతుంది.

ముందు కుర్చీ ల్యాండింగ్. ఉన్నచోటే చిన్నగా ఎగిరి, వెనకాల ఉన్న కుర్చీలో కూర్చోబోయి ఆగిపోయినట్టుగా దిగాలి. రెండు పాదాలూ ఒకేసారి నేలను తాకాలి. ముందు మునివేళ్ళు, వెంటనే మడమలు. మోకాళ్ళు వంగాలి, చేతులు ముందుకు చాచాలి, చూపు ఎదురుగా ఉండాలి. మోకాళ్ళు రెండూ లోపలికి వాలి ఒకదానికొకటి గుద్దుకుంటున్నాయేమో గమనించండి. చాలామందికి ఇలాగే అవుతుంది. "మోకాలు కాలివేళ్ళ వైపే చూడాలి" అని చెప్తే అర్థం చేసుకుంటారు. చప్పుడు కాకుండా దిగడాన్ని పోటీ పెట్టండి. "గోడ మీంచి పిల్లి దూకితే వినపడుతుందా?" అని అడిగితే చాలు, తర్వాతి దూకుడు దూదిలా ఉంటుంది.

రెండోది వెనక్కి దొర్లడం. గొంతుకూర్చుని, మోకాళ్ళను చేతులతో చుట్టేసుకుని, గడ్డం ఛాతీకి ఆనించి, మెల్లగా వెనక్కి దొర్లి ఊయలలా మళ్ళీ ముందుకు రావాలి. ఇది మ్యాట్ మీదే చేయించండి. ఎవరైనా వెనక్కి పడుతుంటే చేతులు వాటంతట అవే వెనక్కి వెళ్ళి నేలకు ఆనతాయి. నిటారు చేతి మీద ఒంటి బరువంతా పడితే మణికట్టో మోచెయ్యో విరుగుతుంది. పిల్లల చేతులు విరగడంలో ఈ రకం ఎక్కువ. "వెనక్కి పడితే చేతులు గుండెకు" అని పాటలా పదిసార్లు చెప్పించండి.

మూడోది ఒక నియమం: ఒక్కసారి సర్దుకో, కుదరకపోతే దిగిపో. చెక్క మీద తూలిన పిల్లలు రెండు చేతులూ గాలిలో తిప్పుతూ, నడుము మెలికలు తిప్పుతూ, ఎలాగైనా పైనే ఉండాలని పెనుగులాడతారు. అలా పెనుగులాడి పడితే అడ్డదిడ్డంగా పడతారు. తూలగానే ఒక ప్రయత్నం, అది పని చేయకపోతే పక్కకు అడుగు వేసి కుర్చీ ల్యాండింగ్. అలా దిగినవాళ్ళకు చప్పట్లు కొట్టించండి. మొదట్లో వింతగా చూస్తారు. వారం తిరిగేసరికి దిగడం ఓడిపోవడం కాదని వాళ్ళకే తెలుస్తుంది.

నేల మీద స్టాచ్యూ ఆట

"స్టాచ్యూ" ఆట తెలియని పిల్లలు ఉండరు కాబట్టి దాన్నే కొంచెం మార్చుకుందాం. పిల్లలు పరిగెడుతూ ఉంటారు. మీరు ఒక అంకె చెప్తారు. "నాలుగు" అంటే ఒంట్లో నాలుగు భాగాలు మాత్రమే నేలను తాకాలి. "మూడు" అంటే మూడు. ఏవన్నది వాళ్ళిష్టం. ఒకడు రెండు చేతులు, ఒక కాలు పెడతాడు. ఇంకొకతె రెండు మోకాళ్ళు, ఒక మోచెయ్యి పెడుతుంది. నిలిచాక మూడు సెకన్లు ఆగాలి. "రెండు" అన్నప్పుడు ఎవరో ఒకరు పిరుదుల మీద కూర్చుని కాళ్ళు పైకెత్తి, "ఇది ఒకటా రెండా టీచర్?" అని అడుగుతారు. ఆ తగువు క్లాసు చేతికే వదిలేయండి, బాగుంటుంది.

ఈ ఆట మధ్యలోనే అసలు సూత్రం వాళ్ళ చేత కనిపెట్టించవచ్చు. ఇద్దరిద్దరిని జతలు చేయండి. ఒకరు కాళ్ళు దగ్గరగా పెట్టి నిలబడతారు, రెండోవాళ్ళు భుజం మీద ఒక్క వేలితో మెల్లగా నెడతారు. తర్వాత కాళ్ళు ఎడంగా పెట్టి, ఆ తర్వాత మోకాళ్ళు వంచి కిందికి దిగి. "ఎప్పుడు కదిలావు? ఎప్పుడు కదల్లేదు?" అని అడిగితే వాళ్ళే చెప్పేస్తారు: కాళ్ళు ఎడంగా ఉంటే గట్టి, ఒళ్ళు కిందికి దిగితే ఇంకా గట్టి. కబడ్డీలో కూతకు వెళ్ళినవాడు ఎందుకు వంగి ఆడతాడో ఎవరైనా చెప్తారేమో చూడండి. మా పిల్లల్లో ఎవరో ఒకరు ప్రతిసారీ చెప్తారు.

కూర్చుని చేసే బ్యాలెన్స్ ఒకటి ఇక్కడే చేయించేయండి. యోగా పీరియడ్లో చేసే నౌకాసనమే అది: పిరుదుల మీద కూర్చుని, కాస్త వెనక్కి వాలి, కాళ్ళు గాల్లోకి ఎత్తి ఉంచడం. మోకాళ్ళు వంచుకుని మొదలుపెట్టి, వీపు గూనిగా వంగకుండా ఉన్నంతవరకే కాళ్ళు చాపాలి. మూడు సెకన్లు చాలు. జిమ్నాస్టిక్స్‌లో పొట్ట గట్టిగా పట్టి ఉంచడం అన్నిటికీ పనికొస్తుంది.

ఒంటికాలు: తొందర పడకూడని చోటు

అందరూ "కాలు ఎత్తు" అనే మాటతో మొదలుపెడతారు. కాలు ఎత్తడం ఇందులో చివరి పని.

మొదట అరికాలు. పాదం ముక్కాలిపీట లాంటిదని చెప్పండి. మడమ ఒక కాలు, బొటనవేలి మొదలు రెండో కాలు, చిటికెనవేలి మొదలు మూడో కాలు. మూడూ నేలకు ఆనితే పీట కదలదు. పిల్లల చేత ఆ మూడు చోట్లా సుద్దతో చుక్కలు పెట్టిస్తే ఇక మరిచిపోరు. కాలివేళ్ళు గోళ్ళతో నేలను గీరుతున్నట్టు ముడుచుకోకూడదు, పరిచి ఉంచాలి.

తర్వాత బరువు మార్చడం. చాలామంది పిల్లలు పడేది ఇక్కడే. రెండు కాళ్ళ మీద సమంగా నిలబడి ఉండగానే ఒక కాలు లేపేస్తారు, లేపిన కాలి వైపే పడతారు. ముందు ఒంటి బరువు నిలబడబోయే కాలి మీదికి మెల్లగా జరపాలి. ఏ కాలి మీద నిలబడతారో ఆ తుంటి ఆ పాదం పైకి రావాలి. "కుడికాలి మీదకు వాలు, ఇప్పుడు ఎడమకాలు బరువుందా?" అని అడగండి. "లేదు, తేలిగ్గా ఉంది" అన్నాకే తర్వాతి మెట్టు.

మూడో మెట్టులో మడమ మాత్రమే ఎత్తాలి, వేళ్ళు నేల మీదే ఉంటాయి. అయిదు లెక్కపెట్టాక వేళ్ళు కూడా లేపవచ్చు, కానీ పాదం నేలకు బెత్తెడు ఎత్తు దాటకూడదు. మోకాలు దాకా ఎత్తడం ఇంకో వారం ఆగవచ్చు. నిలబడిన కాలి మోకాలు బిగించకుండా కాస్త సడలించి ఉంచాలి.

ఇప్పుడు బొట్టుబిళ్ళ. పిల్లల కళ్ళ ఎత్తులో, మూడు నాలుగు అడుగుల దూరంలో గోడకు ఒకటి అంటించండి. చూపు దాని మీదే ఉండాలి. పాదాల వైపు చూస్తే తల వంగుతుంది. చెప్పానుగా, ఈ వయసులో తల బరువెక్కువ, దాని వెనకే ఒళ్ళంతా పోతుంది. కూచిపూడి తరంగంలో నర్తకి ఇత్తడి పళ్ళెం అంచుల మీద పాదాలు ఉంచి ఆడుతుంది. పళ్ళెం వైపు ఎన్నిసార్లు చూస్తుందో మీ పిల్లలను లెక్కపెట్టమనండి. వీడియో చూపించే వీలుంటే ఈ పాఠానికి అంతకంటే మంచి ముందుమాట లేదు.

చేతులు విమానం రెక్కల్లా భుజాల ఎత్తులో చాచాలి. తీగ మీద నడిచేవాళ్ళు పొడుగాటి కర్ర ఎందుకు పట్టుకుంటారో ఇక్కడ చెప్పవచ్చు. బరువు రెండు పక్కలకూ దూరంగా పరుచుకుని ఉంటే మనిషి గబుక్కున పక్కకు తిరగడు, సర్దుకోవడానికి సమయం దొరుకుతుంది. చేతులు చాచడం ఆ కర్రకు చిన్న తమ్ముడు.

ఇక ఊపిరి. "ఊపిరి పీల్చండి" అంటే పిల్లలు పీల్చి ఆపేస్తారు. అందుకని రెండో ఎక్కం చెప్పించండి. గొంతు పలుకుతుంటే ఊపిరి బిగబట్టడం కుదరదు. రెండో ఎక్కం మామూలు వేగంతో పూర్తయ్యేసరికి పది పదిహేను సెకన్లు గడుస్తాయి, స్టాప్‌వాచ్ అక్కర్లేదు. ఒకటో తరగతికి "రెండైదులు పది" దగ్గర ఆపేయవచ్చు. నాలుగో తరగతి వాళ్ళకు ఏడో ఎక్కం ఇవ్వండి. అప్పుడు తూలడానికి కారణం కాలా, లెక్కా అన్నది తేల్చుకోవడం కష్టమవుతుంది గానీ సరదాగా ఉంటుంది.

రెండు కాళ్ళూ సమంగా చేయించడం మరచిపోవద్దు. ఎవరికైనా ఒక కాలు వాటంగా ఉంటుంది, వాళ్ళు దానితోనే చేసి తప్పించుకుంటారు. నేను వాటం లేని కాలితోనే మొదలుపెట్టిస్తాను.

ఇంత వచ్చాక భంగిమలు. కొంగ: ఎత్తిన పాదాన్ని నిలబడిన కాలి మోకాలి దగ్గర్లో ఆనించాలి. వృక్షాసనంలో పాదం పైకి పెడతారు. మోకాలి కీలు మీద పక్క నుంచి నొక్కకుండా, కాస్త పైనో కిందో ఆనించమనండి. త్రాసు: ఒక కాలు వెనక్కి, ఛాతీ ముందుకు. ఇది నిజంగా త్రాసే, వెనక కాలు ఎంత లేస్తే ముందు ఛాతీ అంత వంగుతుంది. చిన్న తరగతుల్లో వెనక కాలు మోకాలి ఎత్తు దాటనక్కర్లేదు. ఎత్తు కోసం తుంటిని పక్కకు తెరిచేస్తుంటారు. "నీ బొడ్డు ఎటు చూస్తోంది?" అని అడిగితే వాళ్ళే నేల వైపు తిప్పుకుంటారు. కళ్ళు మూసుకుని చేయడం మూడో తరగతి నుంచి, అదీ నేల మీద మాత్రమే, పక్కన ఒకరు నిలబడి ఉండగా.

ఇవన్నీ క్లాసు పనులు. ఇంటర్వెల్‌కు మటుకు తొక్కుడుబిళ్ళ గీసి వదిలేయండి. గెంతడం, ఒంటికాలి మీద ఆగడం, వంగి బిళ్ళ తీసుకుని మళ్ళీ లేవడం, గీత తొక్కకుండా తిరగడం అన్నీ అందులో ఉన్నాయి. వంగి బిళ్ళ తీసే ఆ ఒక్క పని చూస్తే పిల్ల బ్యాలెన్స్ ఎంతో తెలిసిపోతుంది. మగపిల్లలు "ఆడపిల్లల ఆట" అని మూతి తిప్పుకుంటే మీరే ముందు గెంతండి.

నడక: సుద్దగీత నుంచి చెక్క దాకా

పొలం గట్ల మీద నడిచి బడికొచ్చే పిల్లలు ఈ పాఠంలో ముందుంటారని నా అనుభవం. అపార్ట్‌మెంటు పిల్లలకు కొంచెం ఎక్కువ రోజులు పడుతుంది, అంతే.

వరస ఇది: ముందు సుద్దగీత, తర్వాత నేల మీద పరిచిన తాడు, ఆ తర్వాత చెక్క. ఒక్కో దాని మీద ముందుకు, పక్కకు, వెనక్కి నడవాలి. పక్కకు నడవడం వెనక్కి నడవడం కంటే తేలిక, ముందు అదే చేయించండి. ముందుకు నడిచేటప్పుడు చూపు పాదాల మీద కాకుండా గీత చివర ఉండాలి. అక్కడ ఇంకో బొట్టుబిళ్ళ. పాదాన్ని చెక్క పక్కగా కిందికి జార్చి, గరిటెతో తోడినట్టు ముందుకు తెచ్చి పెట్టే నడక ఒకటుంది. పాదం చెక్క అంచును తాకుతూ వెళ్తుంది కాబట్టి చూడకుండానే దారి తెలుస్తుంది. పిల్లలు దీన్ని "గరిటె నడక" అంటారు, నేను కూడా అదే పేరు ఖాయం చేశాను.

తర్వాత గుడ్డసంచి తల మీద పెట్టి నడిపించండి. బోనం ఎత్తుకుని నడిచే అమ్మలను చూసిన పిల్లలకు మెడ ఎలా నిలపాలో చెప్పనక్కర్లేదు. సంచి పడితే అక్కడే ఆగి, మోకాళ్ళు వంచి, తీసుకుని, మళ్ళీ పెట్టుకుని నడవాలి. నిలదొక్కుకోవడం ఎక్కువగా నేర్పేది ఆ వంగి లేవడమే. అందుకే సంచి పడటం నాకు ఇష్టం.

చెక్క మీద ఇంకో రెండు పనులు. మునికాళ్ళ మీద లేచి ఆగడం, మునికాళ్ళ మీదే సగం చుట్టు తిరగడం. తిరిగేటప్పుడు ముందు తల తిప్పి కొత్త బొట్టుబిళ్ళను పట్టుకోవాలి, ఒళ్ళు దాని వెనకే వస్తుంది. చివరన చెక్క మీంచి ఎగిరి కుర్చీ ల్యాండింగ్. ల్యాండింగ్ తర్వాత ఒక్క అడుగు కూడా కదలకుండా రెండు చేతులూ పైకెత్తితే జిమ్నాస్ట్ అయిపోయినట్టే అని చెప్పండి.

పోటీల్లో జిమ్నాస్టులు విన్యాసాలు చేసే ఎత్తైన చెక్కను బీమ్ అంటారు, దాని వెడల్పు కూడా సరిగ్గా 10 సెంటీమీటర్లే. పొడుగు 5 మీటర్లు, నేల నుంచి ఎత్తు 125 సెంటీమీటర్లు. నాలుగో తరగతి పిల్లను గోడ పక్కన నిలబెట్టి ఆ ఎత్తు దగ్గర సుద్దతో గీత గీసి చూపించండి, క్లాసంతా నోరు తెరుస్తుంది. 2024 పారిస్ ఒలింపిక్స్ బీమ్ ఫైనల్లో అమెరికా జిమ్నాస్ట్ సిమోన్ బైల్స్ అంతటి ఆవిడ కూడా కింద పడింది, పతకం రాలేదు. చెక్క మీంచి దిగి ఏడుస్తున్న పిల్లకు నేను ఈ కథే చెప్తాను.

ఎత్తు పెంచాలంటే జిమ్నాస్టిక్స్ కోసమే చేసిన తక్కువ ఎత్తు బీమ్ కావాలి, రెండు పక్కలా మ్యాట్లు కావాలి. క్లాసు బెంచీలు దీనికి పనికిరావు. బెంచీ కాళ్ళకు అవతలగా చివరన నిలబడితే రెండో వైపు గాల్లోకి లేస్తుంది. అలాంటి బీమ్, మ్యాట్లు మన దగ్గర లేవు కాబట్టి నేల మీద చెక్కే చాలు. ఎత్తు పెరిగితే భయం పెరుగుతుంది గానీ, నైపుణ్యం అంతా ఆ పది సెంటీమీటర్ల వెడల్పులోనే ఉంది.

చెయ్యి ఎలా అందించాలి

పిల్లల చెయ్యి పట్టుకోకండి. మీ అరచెయ్యి తెరిచి వాళ్ళ చేతి కింద పెట్టండి, కావాలంటే వాళ్ళే ఆనుకుంటారు. పట్టుకున్నారంటే తూలిన ప్రతిసారీ సర్దేది మీరే అవుతారు, పిల్ల ఒంటికి ఏ పాఠమూ అందదు. రెండో రోజు అరచెయ్యి బదులు రెండు వేళ్ళు. మూడో రోజు చెయ్యి దగ్గరలో ఉంటుంది గానీ తగలదు. పక్కనే అదే వేగంతో నడవాలి. ముందు నిలబడి "రా రా" అని పిలిస్తే పిల్ల మీ మొహం చూసి పరిగెడుతుంది. నడుము దగ్గర ఆసరా ఇవ్వాల్సి వస్తే "ఇక్కడ పట్టుకుంటాను, సరేనా అమ్మా?" అని అడిగాకే పట్టుకోండి.

జతగా

నాలుగు, అయిదు తరగతులకు మాత్రమే. ఒకే ఎత్తు, ఒకే బరువు ఉన్న ఇద్దరు ఎదురెదురుగా నిలబడి, ఒకరి మణికట్టు ఒకరు పట్టుకుని, చేతులు చాచి మెల్లగా వెనక్కి వాలాలి. ఒకరు వదిలితే ఇద్దరూ పడతారు. ఒప్పులకుప్ప ఆడిన పిల్లలకు ఈ పట్టు అలవాటే, ఇక్కడ తిరగడం ఒక్కటే ఉండదు. అలా వాలి ఇద్దరూ గొంతుకూర్చుని మళ్ళీ లేవగలిగితే పాఠం వచ్చినట్టు. ఒకరి మీద ఒకరు ఎక్కే పిరమిడ్లు ఆగస్టు 15కు బాగుంటాయని ఎవరో ఒకరు అడుగుతారు. ప్రాథమిక తరగతులకు నేను ఒప్పుకోను. నడుము మీద కాలు పెట్టి ఎక్కే పిల్లవాడికి ఎక్కడ పెట్టకూడదో చెప్పి, అది గుర్తుంటుందని నమ్మే ధైర్యం నాకు లేదు.

నలభై మంది ఉంటే

ఒక్క చెక్క ముందు నలభై మందిని వరసలో నిలబెడితే పీరియడ్ అంతా తోపులాటే. నాలుగు చోట్లుగా విడగొట్టండి: ఒక చోట సుద్దగీత నడక, ఒక చోట స్టాచ్యూ అంకెలు, ఒక చోట బొట్టుబిళ్ళ ముందు ఒంటికాలు, నాలుగో చోట చెక్క. మీరు చెక్క దగ్గరే ఉండండి, మిగతావి మీకు కనపడేలా అమర్చుకోండి. అయిదారు నిమిషాలకు ఒకసారి విజిల్ ఊది మార్చాలి. ముందు అయిదు నిమిషాలు ఒళ్ళు వేడెక్కే పరుగు, గెంతులు ఉండాలి. ఒక పీరియడ్‌కు ఇంతకంటే పట్టదు. వారానికి రెండు పీరియడ్లు దొరికినా నెలన్నరలో తేడా కనిపిస్తుంది.

మార్కులు వేయకండి. ఎవరు ఎన్ని సెకన్లు నిలబడ్డారన్నది కూడా బోర్డు మీద రాయకండి. నేను నోట్‌బుక్కులో పిల్లకొక గీత గీసి రెండే రాసుకుంటాను: తూలినప్పుడు సర్దుకుంటోందా, దిగినప్పుడు మోకాళ్ళు వంగుతున్నాయా.

తల్లిదండ్రులు అడిగేవి

"మావాడికి అరికాలు చదును సార్, వాడికెందుకు ఇవన్నీ?" అనేవాళ్ళు ప్రతి ఏడూ ఉంటారు. చిన్నపిల్లల్లో చదును పాదాలు మామూలే, చాలామందికి పెరిగేకొద్దీ వంపు వస్తుంది. నొప్పి ఉంటే డాక్టరుకు చూపించాలి, లేకపోతే ఆపనక్కర్లేదు. అగర్తలా అమ్మాయి, జిమ్నాస్ట్ దీపా కర్మాకర్‌కు చిన్నప్పుడు అరికాళ్ళు చదునుగానే ఉండేవి. 2016 రియో ఒలింపిక్స్‌లో వాల్ట్‌లో, అంటే పరిగెత్తుకొచ్చి బల్ల మీద చేతులు ఆనించి ఎగిరే పోటీలో, నాలుగో స్థానంలో నిలిచింది. మన దగ్గరే కావాలంటే హైదరాబాద్ అమ్మాయి బుద్దా అరుణారెడ్డి ఉంది, 2018లో మెల్‌బోర్న్ ప్రపంచ కప్‌లో వాల్ట్‌లో కాంస్యం తెచ్చింది. వాల్ట్ అంటే గాల్లో తిరగడమే అనుకుంటారు. చివరికి అదీ రెండు పాదాల మీద దిగి నిలదొక్కుకోవడం దగ్గరే తేలుతుంది.

ఒక జాగ్రత్త. తోటివాళ్ళకు వచ్చినవి నెలలు గడిచినా ఒక పిల్లకు రాకపోతే, ఎప్పుడూ ఒకే వైపు పడుతుంటే, తల తిరుగుతోందని అంటుంటే, లేదా ఇదివరకు బాగా చేసి ఉన్నట్టుండి తూలుతుంటే, అది సాధనతో పోయేది కాకపోవచ్చు. చెవిలో, చూపులో సమస్య ఉండవచ్చు. ఇంట్లోవాళ్ళతో విడిగా మాట్లాడి డాక్టరుకు చూపించమనండి. క్లాసు ముందు అనొద్దు. భయపడే పిల్లలను మాత్రం అలా అనుకోకండి. వాళ్ళను సుద్దగీత మీదే ఉండనివ్వండి, చెక్క దగ్గరికి ఎప్పుడు రావాలో వాళ్ళే తేల్చుకుంటారు. కాలు సరిగా లేని పిల్లలకు కూర్చుని, మోకాళ్ళ మీద చేసే అంకెల ఆటలో పూర్తి భాగం ఉంటుంది.

ఇంటి దగ్గర ఏం చేయించాలని అడిగితే ఒకటే చెప్తాను. పొద్దున పళ్ళు తోముకునేటప్పుడు ఒంటికాలి మీద నిలబడటం: పైపళ్ళకు కుడికాలు, కిందిపళ్ళకు ఎడమకాలు. బాత్‌రూమ్ తడి గచ్చు మీద కాదు, పెరట్లోనో బాల్కనీలోనో పొడి నేల మీద. ఇంకో మాట కూడా ముందే చెప్పి పంపండి. ఈ పాఠాలు మొదలైన వారానికల్లా పిల్లలు కనిపించిన ప్రతి ప్రహరీగోడా ఎక్కి నడవాలని చూస్తారు, కాబట్టి డాబా తలుపుకు గొళ్ళెం వేసి ఉంచమనాలి.